ఓడలపేటలో చేతి పరీక్ష

కార్తీక శుద్ధ పాడ్యమి

ఈ పుస్తకంలో సాకెట్ల సంగతి తప్ప మరొకటి రాయకూడదని, తనిఖీ పని నాకు అప్పగించిన రోజునే మా మామ సింహాద్రి చెప్పాడు. ఏ ఓడ, ఏ ఇల్లు, బటన్ నొక్కితే పలికిందా లేదా, అంతే. పదకొండేళ్లుగా అంతే రాశాను. ఇవాళ మనిషి పోయింది. కాబట్టి మనుషుల గురించి కూడా రాస్తాను, ఎవరేమనుకుంటే నాకేం.

ఇవాళ నొక్కుడు దినం. ఇసుకలో కూరుకుపోయిన మా పద్నాలుగు ఓడల్లో రెండువందల పన్నెండు ఇళ్లున్నాయి. పొయ్యికీ, దీపానికీ, నీళ్లు తోడే పంపుకీ కలిపి ఇంటికొకటే సేఫ్టీ సాకెట్. పోటు నీళ్లు గదుల్లోకొచ్చే ఇనప ఇళ్లు మావి. కరెంటు కాస్త నీళ్లలోకి జారినా ఆ సాకెట్ రెప్పపాటులో కోసెయ్యాలి, లేకపోతే మనిషి లేడు. అందుకే ప్రతి పాడ్యమికీ ఇంటిల్లిపాదీ దాని ముందు నిలబడతారు. పెద్దావిడ తలస్నానం చేసి వచ్చి బటన్ నొక్కుతుంది. టక్ మంటుంది. "పలికింది" అంటారు అందరూ. నొక్కే ముందే దీపం ప్లగ్గు పీకేస్తారు. వెలుగుతున్న దీపం ఆరిపోతే ఇంటికి అశుభమట.

మూడో ఓడలో సూరాడ దానయ్య భార్య లోవ కూడా అలాగే నొక్కింది. పలికింది. గంట తరవాత చేపలు కడిగిన చేతులతో పొయ్యి ప్లగ్గు పెట్టబోయింది. నేను పరిగెత్తుకుని వెళ్లేసరికి ఆమె నేల మీద ఉంది. అరచెయ్యి నల్లగా కాలిపోయింది. పళ్ల మధ్య నాలుక తెగింది. దానయ్య తెడ్డుతో కొట్టి విడదీశాడు, ఆ దెబ్బకి ఆమె ముంజేయి విరిగింది. అతను ఆ విరిగిన చేతినే ఒళ్లో పెట్టుకుని నిమురుతున్నాడు.

"పలికినాది కాసులప్పా. నా సెవుల్తో ఇన్నాను," అన్నాడు. అదే మాట పదిసార్లు అన్నాడు.

ఆ ఇంటి తనిఖీ కార్డు మీద సంతకం నా తమ్ముడు బండియ్యది. వాడూ నాతో పాటు తనిఖీ మనిషే.

మా పేట నియమం ఇది. కరెంటుకి మనిషి పోతే, కార్డు మీద సంతకం పెట్టినవాడు ఏడో రోజున ఉప్పునీళ్లలో నిలబడి ఆ సాకెట్‌లోనే తడి చెయ్యి పెట్టాలి. సాకెట్ కరెంటు కోసేస్తే తనిఖీ మనిషి నిర్దోషి. అప్పుడు తప్పు ఇంటివాడిది. వాడే ఏదో చేసి చంపాడని తేల్చి, పున్నమి రోజున పోటు నీళ్లలో మునిగి పోయేలా ఇసుకలోని గుంజకి కడతారు. సాకెట్ కోయకపోతే తనిఖీ మనిషి నిలబడ్డచోటే పోతాడు. ఇద్దరిలో ఒకడు పోవాల్సిందే, మూడో దారి మా పెద్దలెవరికీ తట్టలేదు.

తదియ

పరీక్ష అయ్యేదాకా లోవ ఇంటి తాళం తనిఖీ వాళ్లం మా దగ్గరే ఉంటుంది. వెళ్లి, ఆ వరసకి కరెంటు ఆపించి, సాకెట్ విప్పాను. పదకొండేళ్లలో ఒక సాకెట్ లోపల చూడటం ఇదే మొదటిసారి. పలికినదాన్ని విప్పకూడదని మా మామ నేర్పాడు.

లోపల రెండు రాగి నాలుకలున్నాయి. బటన్ నొక్కగానే స్ప్రింగు వాటిని విడదీయాలి. స్ప్రింగు బాగానే ఉంది, టక్ మంటోంది. నాలుకలు మాత్రం ఉప్పుకి తుప్పు పట్టి, వేడికి కరిగి, ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కత్తి మొన పెట్టి పొడిచినా విడలేదు. గోడవైపు ఉండే వీపు మీద అచ్చు వేసి ఉంది, పన్నెండేళ్లకి మార్చవలెను అని. పేటలో సాకెట్లన్నీ ఒకేసారి బిగించారు. అది జరిగి ఇరవై రెండేళ్లు.

దాన్ని పట్టుకుని గిడ్డంగికి వెళ్లాను. గిడ్డంగి కాపలా కోడా మసేనుది. వాడి వెనక రేకు పెట్టెల్లో మూడువందల కొత్త సాకెట్లున్నాయి, నేను లెక్కపెట్టినవే.

"పలికినాదా?" అన్నాడు.

"పలికింది. పలికే చంపింది."

"పలికితే బాగున్నట్టే కదేటి. పలకందానికే కొత్తది. రూలు నాను రాసినానా?"

నాకు ఒళ్లు మండిపోయి ఆ సాకెట్‌ని వాడి నుదుటికేసి కొట్టాను. రక్తం కారింది. వాడు అది తుడుచుకుంటూనే గిడ్డంగి తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాడు. అటువంటి మనిషితో ఏం మాట్లాడతాం.

అక్కణ్ణుంచి పేట పెద్ద గరికిన నూకన్న ఇంటికి వెళ్లాను. దీపం పెట్టించి, అది వెలుగుతుండగానే బటన్ నొక్కాను. ఇంట్లో ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారు. టక్ మంది. దీపం ఆరలేదు. "చూడండి, కరెంటు ఆగలేదు, ఈ సాకెట్ చచ్చిపోయింది," అన్నాను. నూకన్న భార్య కళ్లు తెరిచి, వెలుగుతున్న దీపానికి దణ్ణం పెట్టింది.

"నొక్కినా దీపం ఆరనేదు. మా ఇంటికి మంచి జరుగుతాది," అంది. నాకు పసుపూ కుంకుమా పెట్టి పంపించారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఇంతకంటే నయం. లోవ ఇంటి సాకెట్‌ని తీసుకెళ్లి మళ్లీ దాని చోట బిగించేశాను.

పంచమి

పరీక్షకి రెండు రోజులుంది. బండియ్య అన్నం ముట్టడం లేదు. సంతకం పెట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు. వాడికి ముప్పై ఏళ్లు. అమ్మ పోయాక నేనే పెంచాను.

మా మామకి కుడిపక్క పడిపోయి నాలుగేళ్లయింది. మాట మాత్రం బాగానే వస్తుంది. ఇవాళ నన్ను దగ్గరికి పిలిచి, తలగడ కింద నుంచి గుడ్డ మూట తీశాడు. అందులో ఒక సాకెట్ ఉంది, కొత్తది.

"నా మీదికి మూడుసార్లు పరీచ్చ వొచ్చినాది కోడలా. మూడుసార్లూ దీన్నే బిగించినాను. తాళం మన కాడే కదా. ఇది కోసీసినాది, నాను బతికినాను. తరవాత మళ్లీ పాతది బిగించీసినాను."

మామ హయాంలో గుంజకి కట్టిన ముగ్గురూ నాకు తెలుసు. మూడోవాడు మా నాన్నకి సొంత అన్న.

"అయితే ఆ ముగ్గురూ ఏ తప్పూ చెయ్యలేదు," అన్నాను.

"కడుపు సించుకుంటే కాళ్ల మీదే పడతాది. ఇంట్లో మనం ఆరుగురం. నానేటి సెయ్యమంతావు?"

చెంప మీద కొట్టాను. పక్షవాతం మనిషిని, మామని, కొట్టాను. తల గోడకి తగిలింది. ఆయన ఏడవలేదు, మూట నా వైపు తోశాడు. దాన్ని తీసుకోకూడదు. తీసుకున్నాను.

సప్తమి

కోడి కూసే వేళకి లోవ ఇంటికి వెళ్లి కొత్త సాకెట్ బిగించాను. వీపు గోడకేసి ఉంటుంది, ముందు భాగానికి పొగ మసి రాశాను. పాతది మా బియ్యం డబ్బాలో దాచాను. బండియ్యకి చెప్పలేదు. చెప్తే వాడి మొహం దాచుకోలేడు.

ఎనిమిది గంటలకి పేట మొత్తం మూడో ఓడ ఎక్కింది. బండియ్యని ఉప్పునీళ్ల తొట్టెలో నిలబెట్టారు. నూకన్న చెయ్యి ఎత్తగానే వాడు కళ్లు మూసుకుని రెండు తడి వేళ్లకి చుట్టిన తీగని రంధ్రంలోకి దూర్చాడు. టక్ మంది. ఒళ్లు ఒక్కసారి అదిరింది. కింద పడ్డాడు. లేచాడు. తన చేతిని చూసుకుని, గొంతు చించుకుని నవ్వాడు.

నేనూ నవ్వాను. నిజం రాస్తున్నాను కాబట్టి అది కూడా రాయాలి. ఆ క్షణంలో నాకు దానయ్య గుర్తు రాలేదు.

తరవాత జనం దానయ్య మీద పడ్డారు. "పెళ్లాన్ని సంపీసి ఏడుస్తన్నాడు" అని ఎవరో అన్నారు, అంతే. తెడ్లతో కొట్టారు, గొలుసు ముక్కలతో కొట్టారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అందరికంటే గట్టిగా తన్నినవాడు నా తమ్ముడు. ఏడు రోజులు చావుకి భయపడ్డవాడు, ఆ భయమంతా దానయ్య కడుపులోకి తన్నాడు. నేను అడ్డం వెళ్తే ఒక మోచెయ్యి తగిలి నా పన్ను ఊడింది. నూకన్న ఆపితేనే ఆగారు. దానయ్యని గొలుసు కొట్లో వేసి తాళం పెట్టారు. పున్నమికి ఇంకా ఎనిమిది రోజులు.

నేను నోరు విప్పితే దానయ్య బతుకుతాడు, అసలు సాకెట్ బిగించి బండియ్య చెయ్యి మళ్లీ పెట్టిస్తారు. విప్పకపోతే దానయ్య పోతాడు. తడిలో బతికే మిగతా ఇళ్ల సంగతి ఎవరికీ పట్టదు.

దశమి

అందరి సాకెట్లూ చచ్చాయని తేలితే, తప్పు బండియ్యదీ కాదు, దానయ్యదీ కాదు. ఆ ఆశతో ఇవాళ కోడి పరీక్ష పెట్టాను. ఉప్పునీళ్ల పళ్లెంలో కోడిని నిలబెట్టి రెక్కకి తీగ తగిలిస్తాను. సాకెట్ మంచిదైతే కోడి అరిచి ఊరుకుంటుంది. ఐదో ఓడలో ఐదు ఇళ్లలో చేశాను. నాలుగు కోళ్లు చచ్చాయి. ఒకదానికి ఈకలు అంటుకుని ఇల్లంతా కమురు వాసన కొట్టింది. ఐదోది బతికింది. దాన్ని చూపించే, చచ్చిన నాలుగూ బలహీనమైనవని తేల్చేశారు.

ఆ నాలుగు ఇళ్ల ఆడవాళ్లూ నా జుట్టు పట్టుకుని మెట్ల మీంచి ఈడ్చారు. చచ్చిన కోళ్లతోనే మొహం మీద కొట్టారు. నూకన్న వచ్చి, పెద్దమనిషి కదా, నెమ్మదిగా చెప్పాడు.

"కోడి గుండెంత, మనిసి గుండెంత కాసులమ్మా? నీ తమ్ముడు సెయ్యెట్టి బతికినాడు. అంతకంటే రుజువేటి కావాల?"

నా అబద్ధమే నా నోరు కట్టేసింది.

త్రయోదశి

ఇవాళ బండియ్యకి అన్నీ చెప్పాను. బియ్యం డబ్బాలోంచి పాత సాకెట్ తీసి, అతుక్కుపోయిన నాలుకలు చూపించాను. వాడు చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తరవాత నా గొంతు పట్టుకున్నాడు.

"నాకెందుకు సెప్పినావే అప్పా. ఆ మనిసిని నాను కాలితో తన్నినాను."

వదిలేశాక వెక్కి వెక్కి ఏడ్చాడు. చిన్నప్పటిలాగే వీపు నిమిరాను.

నేను అనుకున్నది చెప్పాను. పున్నమి పొద్దున పేటలో ప్రతి ఒక్కరూ గుంజ దగ్గర ఉండాలని నియమం, పిల్లలతో సహా. ఇళ్లన్నీ ఖాళీగా ఉంటాయి. పలికేదాన్ని మార్చరు సరే, పగిలినదాన్ని మార్చక చస్తారా. సుత్తి తీసుకుని ఇల్లిల్లూ తిరిగి సాకెట్లు పగలగొడతాను. పంపులు ఆగిపోతాయి. పోటు నీళ్లు ఇళ్లలోకి వస్తుంటే జనం ఇళ్లకి పరిగెడతారు. అప్పుడు గుంజ దగ్గర ఎవరూ ఉండరు.

"నువ్వు కట్లు విప్పెయ్యి. నీళ్లు మెడ దాకా రావడానికి గంట పైనే పడుతుంది. విప్పి, పడవలో అవతలి ఇసుక దిబ్బకి చేర్చు."

"ఆడు బతికితే ఆ పాత సాకెట్‌లో నా సెయ్యి మళ్లీ పెట్టమనడా అప్పా?"

"అప్పటికి అన్ని సాకెట్లూ పగిలి అందరి ముందూ పడి ఉంటాయి. ఎవరి చెయ్యి అని అడుగుతాడు? నూకన్న కాళ్లు పట్టుకుని నేనే చెప్తాను."

వాడు తల ఊపాడు. ఊపాడు కాబట్టి నమ్మాను.

పున్నమి, మధ్యాహ్నం

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి.

పొద్దున ఏడింటికి ఓడలు ఖాళీ అయ్యాయి. పైనుంచి చూస్తే గుంజ కనిపించింది. దానయ్యని కూర్చోబెట్టి కట్టారు, నీళ్లు అప్పటికి నడుము దాకా ఉన్నాయి. నేను రబ్బరు చెప్పులేసుకుని, రబ్బరు తొడుగులు వేసుకుని, చెక్క పిడి సుత్తితో మొదటి ఓడలో దిగాను. ఒక్కో ఇంట్లో రెండు దెబ్బలు. నిప్పురవ్వలు మొహం మీద పడి కనుబొమ్మ కాలింది. ఒక ఇంట్లో సాకెట్ పగిలాక కూడా తీగలు బుసకొడుతూ నేల తడి మీద నీలంగా పాకాయి. చెప్పు పక్కనుంచే పోయింది. నేనాగలేదు. మొదటి ఓడ, రెండోది, మూడోదాంట్లో సగం. నలభై ఒక్క ఇళ్లు. పంపులు ఒక్కొక్కటే ఆగిపోతుంటే ఓడలో నీళ్ల చప్పుడు పెరిగింది.

గుంజ దగ్గర ఎవరో కేక వేశారు. అనుకున్నట్టే జనం విరిగి పరిగెత్తారు, బకెట్లు, చాటలు, చేతికి దొరికినదల్లా పట్టుకుని. నన్ను నలభై రెండో ఇంటి గుమ్మంలో పట్టుకున్నారు. కింద పడేసి తొక్కారు. మసేను నా సుత్తి తీసుకుని, నా కుడి చేతిని గడప మీద పెట్టించి, నాలుగు దెబ్బలు కొట్టాడు. నుదుటి బాకీ వడ్డీతో తీర్చాడు. వేళ్లు చితికిపోయాయి. చూపుడు వేలు ఊడి పడింది.

కానీ నూకన్న పగిలిన సాకెట్లు ఏరించి వరసగా పెట్టించాడు. రుజువు కోసమే, నా మీద. వంగి చూశాడు. ఒకటి తీసుకుని నాలుకలు గోటితో గీరాడు. ఇంకొకటి తీశాడు. నలభై ఒకటీ చూశాడు. ముప్పై ఎనిమిదింటి నాలుకలు అతుక్కుని ఉన్నాయి. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇన్నేళ్లూ మనం ఇనింది ఏటి?" అన్నాడు. మసేను చేతిలోంచి గిడ్డంగి తాళం లాక్కుని ఆయనే వెళ్లి తలుపు తీశాడు. మిగతా ఇళ్లవి కూడా పీకించాడు. ఇది రాస్తున్నప్పుడు కొత్తవి బిగుస్తున్నాయి. దీపం వెలిగించి నొక్కుతున్నారు, ఆరితే ఊపిరి పీల్చుకుంటున్నారు.

"దానయ్యకి చెప్పండి, అతని తప్పు లేదని," అన్నాను. నూకన్న ఇద్దర్ని గుంజ దగ్గరికి పంపాడు. ఈపాటికి బండియ్య అతన్ని దిబ్బకి చేర్చే ఉంటాడు.

పున్నమి, సాయంత్రం

వాళ్లు దానయ్య శవాన్ని మోసుకొచ్చారు. నీళ్లు తీసేదాకా గుంజకే ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. తాడుతో కోసుకుపోయి మణికట్టు ఎముక కనిపిస్తోంది, అంత గింజుకున్నాడు.

బండియ్య మూల కూర్చుని ఉన్నాడు. బట్టల మీద ఉప్పునీళ్ల చారలు మోకాళ్ల దాకానే ఉన్నాయి.

"ముడి రానేదప్పా. నీళ్లొచ్చీసినాయి."

నేను వెళ్లి ఆ తాడు చూశాను. రెండు చుట్లు, ఒక ముడి. వల ముళ్లు కాలి వేళ్లతో విప్పే మనిషి వాడు. తాడు మీద గోటి గీత లేదు, పీచు రేగలేదు, ముడి ముట్టుకున్న గుర్తే లేదు. తాడు తెచ్చి వాడి ముందు పడేశాను.

వాడు దాన్ని చూడలేదు. "విప్పరా బండియ్యా, అని రెండుసార్లు పిలిసినాడు. మోకాళ్ల దాకా దిగినాను. బతికితే నా సెయ్యి అడుగుతాడని బయమేసినాది. తరవాత పిలవనేదు."

విన్నాను. ఈ పుస్తకం తీశాను. నేను పెంచిన చేతులవి. సుత్తి దెబ్బలకి రాని ఏడుపు అప్పుడు వచ్చింది, ఏడుస్తూనే రాస్తున్నాను.

తనిఖీ పుస్తకం ప్రతి పున్నమి సాయంత్రం పేట పెద్ద చేతికి వెళ్తుంది, అందరి ముందూ చదువుతారు. బండియ్యకి ఆ సంగతి తెలుసు. లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు, చితికిన చేతి మణికట్టు. నొక్కాడు. కళ్లు బైర్లు కమ్మాయి. వాడి చెయ్యి కొరికాను, రక్తం వచ్చేదాకా వదల్లేదు. వదిలాక వాడు నా కాళ్ల దగ్గరే కూలబడ్డాడు.

"అప్పా, ఏటి రాసినావు?"

"జరిగింది రాశాను."

"సదివితే నన్ను గుంజకి కట్టీస్తారు. నిన్ను కూడా ఒగ్గరు. సాకెట్ మార్చింది నువ్వే కదా."

"ముందు నా పేరే రాశాను."

వాడు అమ్మ పోయిన రోజున పట్టుకున్నట్టు నా చీర కుచ్చెళ్లు పట్టుకున్నాడు. ఎడమ చేత్తో ఒక్కో వేలూ విడదీశాను. నూకన్న మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. పుస్తకం ఇచ్చేస్తున్నాను.

మైలపల్లి కాసులమ్మ, తనిఖీ మనిషి, ఓడలపేట.